కొత్త బట్టకు పసుపు

ఇరవై రెండేళ్ళుగా నాచారంలో జాకెట్లు కుడుతున్నాను. మల్కాజిగిరి నుంచి మేడిపల్లి దాకా ఏ టైలరు కుట్టిన జాకెట్టయినా సరే, నా చేతికిస్తే చంక దగ్గర ఎక్కడ లాగుతుందో తొడిగి చూడకుండానే చెప్పేస్తాను. చెప్పి ఊరుకోను, కుట్టినవాళ్ళను నాలుగు మాటలు అంటాను కూడా. ఈ సూర్యకళ నోటికి జడిసే మా వీధిలో సగంమంది రెడీమేడ్‌లు కొనుక్కుంటున్నారని మా ఆయన కామరాజు అంటుంటాడు. ఆయనకేం, ఎన్నయినా అంటాడు. పని రానివాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, అంతే.

మా ఆయన తార్నాక వైపు ఒక ల్యాబులో మెకానిక్కు. రెండేళ్ళ కిందట ఆయనే హిరుత్‌ను ఇంటికి తీసుకొచ్చాడు. ఇథియోపియా నుంచి కెమిస్ట్రీలో పరిశోధన చేయడానికి వచ్చిన పిల్ల. నాచారంలో నాలుగిళ్ళు అడిగితే నాలుగిళ్ళవాళ్ళూ మొహం చూసి గది ఖాళీ లేదన్నారట. నేను మాత్రం తక్కువ తిన్నానా, మా పైగది ఇవ్వడానికి మూడు రోజులు సణిగాను. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ పిల్ల నా మిషను పక్కన కూర్చుని తెలుగు నేర్చేసుకుంది, అదీ అచ్చంగా నా తెలుగే. ల్యాబులో "గిట్లెందుకయింది సార్" అని అడిగితే గుంటూరు నుంచి వచ్చిన సైంటిస్టులు పడీపడీ నవ్వుతారట.

ఆ ఆగస్టులో ముసురు పట్టి వారమైంది. ఉప్పల్ రోడ్డంతా మెట్రో కోసం తవ్వి పోశారు. శుక్రవారం సాయంత్రం హిరుత్ ఆ బురదలోంచి, తను తడిసిపోయి, చున్నీ కింద ఒక పార్శిల్‌ను మాత్రం తడవకుండా పట్టుకుని వచ్చింది. అట్టపెట్టె, దానిమీద తెల్లబట్ట చుట్టి కుట్టారు. నేను కత్తెర అందించాను.

"వద్దాంటీ. గీ కుట్లు అల్మాజ్ ఏసింది. కొయ్యబుద్ధి అయితలేదు," అంది.

అని, కింద కూర్చుని ఒక్కో కుట్టూ గోరుతో విప్పింది. పావుగంట పట్టింది. ఇంకెవరైనా అయితే కసురుకునేదాన్ని, ఆరోజు మాత్రం కత్తెర పక్కన పెట్టేశాను.

అల్మాజ్ పేరు నేను వెయ్యిసార్లు విని ఉంటాను. ఇద్దరూ చిన్నప్పటి నుంచీ ఒకే బెంచీ, ఒకే హాస్టలు. ఆమె ఇప్పుడు గోండార్ అనే పట్నానికి దూరంగా ఒక పల్లెలో టీచరు. బడి అయ్యాక ఇంటికొచ్చి పత్తి వడుకుతుందట. హిరుత్ ఇక్కడికి వచ్చిన నెల నుంచే ఆమె కదురు పట్టింది. ఆ దారంతో ఆమె అన్న మగ్గంమీద హిరుత్ కోసం ఈ బట్ట నేశాడు. అంచుల్లో కుట్టుపని మళ్ళీ ఆమెదే. అంతా కలిపి రెండేళ్ళు.

పెట్టెలోంచి బట్ట తీయగానే హిరుత్ దాన్ని మొహానికి అదుముకుని ఏడ్చింది. తర్వాత నా బల్లమీద పరిచి, అల్మాజ్‌కు ఫోన్ చేసి చెబుతానని డాబా మీదికి పరుగెత్తింది. కింద సిగ్నల్ సరిగా ఉండదు.

నేనూ ఆ బట్టా మిగిలాం. భుజాలమీద కప్పుకునేది, మన కండువాకు రెండింతల వెడల్పు, పాల మీగడ లాంటి తెలుపు, లోపల చెయ్యి పెడితే అరచేతి గీతలు కనిపించేంత పల్చన. నాలుగు అంచులా ఎరుపూ ఆకుపచ్చా బంగారు రంగూ దారాలతో చిన్న చిన్న గళ్ళు. తప్పు పట్టుకుందామనే కళ్ళజోడు పెట్టుకున్నాను, అబద్ధమెందుకు! ఇటు తిప్పాను, అటు తిప్పాను. ఏది పైవైపో, ఏది లోవైపో తేలలేదు. ముడి ఎక్కడ వేసిందా అని వెతికాను. అంచు పొడుగునా ఒక్క ముడి దొరకలేదు. వందల గళ్ళల్లో ఒక్కటంటే ఒక్కటి వంకర లేదు. మొదట నాకు కోపం వచ్చింది. ఎవరే నువ్వు, ఇంత బాగా ఎవరు కుట్టమన్నారే నిన్ను, అని పైకే అన్నాను. ఆ తర్వాత బల్లమీద చేతులు ఆనించి ఊరికే చూస్తూ నిలబడిపోయాను. నా జన్మలో అలాంటి పని చేయలేనని నాకు అప్పుడే తెలిసింది. తెలిసినా బాధ వేయలేదు, కడుపు నిండినట్టయింది.

మా ఇంట్లో కొత్త బట్టకు పసుపు పెట్టకుండా ఎవరూ కట్టుకోరు. మామూలుగా అయితే పొడి పసుపు కాస్త ఒక మూల రాస్తాం, దులిపితే పోతుంది. ఆరోజు నాకు అంత పిసినారిగా రాయబుద్ధి కాలేదు. దేవుడి దగ్గర గిన్నెలోంచి తడి పసుపు తెచ్చి, ఒక మూలన, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టాను. కళ్ళకు అద్దుకున్నాను కూడా.

హిరుత్ మెట్లు దిగుతూనే కేకలేసింది. "ఆంటీ, ఆదివారం అల్మాజ్ గోండార్ వస్తదట! నాలుగు గంటలు బస్సుల వచ్చి నెట్‌ల నన్ను సూస్తదట. నాలుగంచులు సూపియ్యాలెనట!"

అంటూనే ఆ మూల చూసింది. దాని మొహంలో నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది.

"గిదేందాంటీ?"

ఇది మీ అల్మాజ్‌కు నేను పెట్టిన దండం అని గర్వంగా చెబుదామనుకున్నదాన్ని. ఆ మొహం చూశాక నాలుక మడతపడింది. "ఏమో బిడ్డా, పార్శిల్ల ఏదో అంటుకున్నట్టుంది. జర ఆగు, నేను కడుగుత," అన్నాను. జాకెట్టు పాడుచేసి, బట్టే బాగాలేదని అమాయకుల నెత్తిన రుద్దే టైలర్లను ఎన్నిసార్లు తిట్టానో. నేనూ అదే పని చేశాను.

కంగారులో సబ్బు పెట్టాను. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో తెలియని ఆడదాన్నా నేను? బొట్టు కాస్తా కుంకంలా ఎర్రగా తేలింది. హిరుత్ కెమిస్టు. ఆ ఎరుపు చూసింది. ఒక్క క్షణం నన్ను చూసింది. నా చేతిలోంచి బట్ట తీసుకుని నీళ్ళు మార్చి మార్చి జాడించింది. ఎరుపు పోయింది, పసుపు మిగిలింది. ఒక్కరోజు గట్టి ఎండ తగిలితే పోయేదే. శనివారం పొద్దుటి నుంచీ ఆకాశంవైపు చూస్తూనే ఉన్నాను, సూర్యుడు మొహం చూపించలేదు. నిజం చెప్పడానికి నాలుగుసార్లు మెట్లెక్కాను, అన్నం తిన్నావా అని అడిగి నాలుగుసార్లూ దిగాను.

ఆదివారం మధ్యాహ్నం హిరుత్ తెల్ల గౌను వేసుకుని, ఆ బట్ట కప్పుకుని కిందికొచ్చింది. పసుపు మూల లోపలికి మడిచి ఉంది. "నువ్వు గూడ రావాలె ఆంటీ. అల్మాజ్ నిన్ను సూస్తనంటున్నది," అంది. కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళాను.

నాచారం చౌరస్తాలో నెట్ సెంటర్. తెరమీద బొమ్మ ముక్కలు ముక్కలుగా వచ్చి నిలిచింది. సన్నగా, ఎముకలు తేలిన మొహంతో, పెద్ద పెద్ద కళ్ళతో ఒక మనిషి. ఆ చేతుల కోసం వెతికాను. వేళ్ళు పొట్టివి, గోళ్ళు అరిగిపోయాయి, నావిలాగే. ఇద్దరూ ఒకేసారి ఏడ్చి, ఒకేసారి నవ్వి, ఏదేదో మాట్లాడుకున్నారు. తర్వాత అల్మాజ్ చూపించమన్నట్టు వేలు తిప్పింది. హిరుత్ లేచి నిలబడి ఒక అంచు చూపించింది. రెండోది, మూడోది. అక్కడితో కూర్చోబోయింది. ఆమె ఒప్పుకోలేదు, నాలుగు వేళ్ళు చూపించింది.

హిరుత్ నెమ్మదిగా ఆ మూల బయటికి తీసింది.

తెరమీద ఆమె మొహం ముందుకొచ్చింది. ఏదో అడిగింది. హిరుత్ తన గుండెమీద చెయ్యి పెట్టుకుంది. అన్నం కలిపినట్టు వేళ్ళు తిప్పి, ఒలికిపోయినట్టు చూపించి, తల వంచుకుంది. వాళ్ళ భాషలో నాకు ఒక్క ముక్క రాదు. అది అర్థం కావడానికి భాష ఎందుకు? నా తప్పు నెత్తిన వేసుకుంటోంది. శుక్రవారం ఆ ఎరుపు చూసినప్పటి నుంచీ దానికి అంతా తెలుసు.

హిరుత్‌ను పక్కకు నెట్టి తెర ముందుకు వెళ్ళాను.

"నేనే పెట్టిన," అన్నాను. "దీని తప్పేం లేదమ్మా. మా తాన కొత్త బట్టకు పసుపు పెడ్తం, కట్టుకున్నోళ్ళు సల్లగుండాలని. అడగకుండ పెట్టిన, అడిగితే అబద్ధమాడిన. నీ అసొంటి కుట్టు నేను ఇంతవరకు సూడలె తల్లీ. నీ రెండేండ్ల కష్టం కరాబు జేసిన. చెప్పవే హిరుత్, ఉన్నదున్నట్టు చెప్పు."

హిరుత్ చెప్పింది. అవతల ఆమె కన్నార్పకుండా ఆ మూలనే చూసింది. బొమ్మ ఆగిపోయిందేమో అనుకున్నాను. తర్వాత రెండు చేతులతో మొహం తుడుచుకుని, నన్నే చూస్తూ గబగబా ఏదో అంది.

"ఏమంటున్నది? తిడుతున్నదా?"

"నన్ను తిడుతున్నది," అంది హిరుత్ ముక్కు చీదుకుంటూ. "వడికినన్ని దినాలు గదొక్కటే ఫికర్ ఉండెనట ఆమెకు, నాకిక్కడ ఎవరున్నరని. బట్ట కప్పుకుంటె నా చెయ్యి నీ మీద ఉన్నట్టుంటదని వడికిన, అంటున్నది. నీకు మంచి గావాలని పసుపు పెట్టేటోళ్ళు ఇంట్లనే ఉంటే, రెండేండ్ల సంది నాకెందుకు చెప్పలె, అంటున్నది."

అల్మాజ్ వంగి సంచిలోంచి ఇంకో తెల్లబట్ట తీసింది. అదే దారం, అవే గళ్ళు. హిరుత్ కట్టుకున్నాకే తనూ కట్టుకోవాలని మడత విప్పకుండా దాచుకుందట. దాని మూల ఒకటి పట్టుకుని తెర దగ్గరికి, నాకు అందిస్తున్నట్టుగా, చాచింది.

"దానికి గూడ పెట్టమంటున్నది ఆంటీ."

నా చెయ్యి తెర దాకా వెళ్ళింది. వేలికి పసుపు లేదు. ఇంట్లో గిన్నెడు పసుపు పెట్టుకుని ఒట్టి చేతులతో వచ్చానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"జర ఆగుమను," అన్నాను హిరుత్‌తో. "రేపే పోస్టుల పంపిస్త. నా పసుపు ముట్టేదాక అది కట్టుకోవద్దని చెప్పు."