లావెర్న్ ఊరి పన్నెండు గంటలు

ఎడ్విజ్ కార్నో పేరు చెబితే పారిస్‌లో సంగీతం తెలిసినవాళ్ళు గౌరవంగా తలూపుతారు. ఆమె కట్టిన బాణీ ఒక్కటి కూనిరాగం తియ్యమంటే మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తారు. యాభై ఎనిమిదేళ్ళకి ముప్పై ఒక్క రచనలు చేసింది. ముప్పై ఒక్కటీ ఒక్కొక్కసారే మోగాయి. కొత్త సంగీతం బతుకు అక్కడ అంతే. మొదటి కచేరీకి పెద్దమనుషులు వస్తారు, పూలగుత్తులు వస్తాయి, ఉపన్యాసాలు దంచుతారు. రెండో కచేరీ ఉండదు. బిడ్డకి బారసాల చేసి, మళ్ళీ దాని మొహం చూడకుండా వెళ్ళిపోయినట్టు!

తన సంగీతాన్ని రెండోసారి వినాలని ఒక్కరికైనా అనిపించాలి, అదీ ఆమె కోరిక. ఈసారి కూడా అనిపించకపోతే ఇక రాయనని చెల్లెలితో ఒట్టు పెట్టుకుని మరీ చెప్పింది.

ఆ ముప్పై రెండోది జురా కొండల్లో లావెర్న్ ఊరి బ్యాండు కోసం రాసింది. చర్చి గడియారం బాగుచేయించి మళ్ళీ నడిపించే పండగకి కొత్త సంగీతం కావాలని, అందులో తమ గంట కూడా మోగాలని వాళ్ళు అడిగారు. బ్యాండు నాయకుడు ఫెర్నాన్ మోనియేకి జున్ను చెయ్యడం వృత్తి, క్లారినెట్ పిచ్చి. చలికాలంలో ఆమె గంట శ్రుతి చూసుకోవడానికి వెళ్ళేసరికి గడియారం విప్పి పెట్టి ఉంది. ఫెర్నానే గోపురమెక్కి కొయ్యసుత్తితో ఒక్కటి వేశాడు.

"కాస్త శ్రుతి తక్కువగా పలుకుతోంది," అంది కిందినుంచి.

"రెండొందల ఏళ్ళుగా చలిలో వేలాడుతోంది మేడమ్! మీరైనా అంతే పలుకుతారు," అని అరిచాడు పైనుంచి.

ఆమె తొమ్మిది నిమిషాల సంగీతం రాసింది. పన్నెండుకి ఎనిమిది నిమిషాలుండగా మొదలుపెడితే, చివరి పేజీకి సరిగ్గా గంట అందుకుంటుంది. ఒక్కో దెబ్బకీ ఒక్కో వాద్యం వచ్చి కలుస్తుంది. పన్నెండో దెబ్బకి అందరూ. ఆ తర్వాత ఏమీ లేదు. అక్కడ "మౌనం" అని రాసుకుంది. మొత్తం రచనలో ఆమెకి ప్రాణమైన మాట అదే.

శనివారం సాయంత్రం సాధన. డెబ్భై నాలుగేళ్ళ లియోనీ, తనంత ఎత్తున్న ట్యూబా బూరాని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఎడ్విజ్‌ని ఎగాదిగా చూసింది.

"అమ్మాయ్, ఈ ఎనిమిదో పేజీ రాసినప్పుడు నువ్వు ఎవరిమీదో కోపంగా ఉన్నావు కదూ?"

"పత్రికలో నన్ను తిట్టినవాడి మీద," అంది ఎడ్విజ్ నిజం ఒప్పేసుకుని.

"అనుకున్నా. వాణ్ణి నా బూరా చేత తన్నించావు. బావుంది, గట్టిగానే తంతాలే."

గడియారం రేపు పన్నెండుకి గానీ మోగదు కాబట్టి, గంటకి బదులు ఫెర్నాన్ పాలక్యాను మీద కొట్టాడు. చివరి పేజీ ఒకసారి వాయించి, "చాలు, తక్కినది రేపు గంటే చూసుకుంటుంది," అన్నాడు. ఎడ్విజ్ మర్యాదకి తలూపింది. రాత్రి లియోనీ ఇంట్లో, ముప్పై ఏళ్ళ అలవాటు ప్రకారం, చెవుల్లో మైనం ఉండలు పెట్టుకుని ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

ఆదివారం ఊరంతా చర్చి ముందరే ఉంది. ఫెర్నాన్ చేతిగడియారం చూసి చెయ్యెత్తాడు. మొదటి మూడు నిమిషాలు జనం ముఖాలు చేదుమందు తాగినట్టున్నాయి. ట్యూబా తన్నులకి మాత్రం ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత గంట అందుకుంది. ఒకటి, రెండు, మూడు... పన్నెండు. అనుకున్న క్షణానికి అనుకున్నట్టు! ఎడ్విజ్‌కి ఒళ్ళు పులకరించింది. గంట నాదం మెల్లగా కొండల్లోకి జారిపోయింది. ఆమె కోరుకున్న మౌనం వచ్చింది.

వచ్చి, వెళ్ళలేదు. పది సెకన్లు. ముప్పై. చప్పట్లు లేవు, దగ్గు కూడా లేదు. పారిస్‌లో కనీసం కోట్లు తొడుక్కుంటూ రెండు చప్పట్లు చరిచేవాళ్ళు. ఇక్కడ అదీ లేదు. నిమిషం దాటింది. ఇంతటి అవమానం ఈ జన్మలో పడలేదు. చేతిసంచీ అందుకుని, ఎవరి కంటా పడకుండా స్టేషనుకి పోయే దారి ఎటో వెతుక్కుంది.

అప్పుడు గోపురంలో ఠంగుమంది. ఒకటి.

ఫెర్నాన్ మళ్ళీ చెయ్యెత్తాడు. చివరి పేజీ మళ్ళీ మొదలైంది! ఈసారి జనానికి ఏం రాబోతోందో తెలుసు. నాలుగో దెబ్బకి రొట్టెల దుకాణం ఆవిడ గొంతు కలిపింది. ఏడో దెబ్బకి ముందువరసంతా కలిపింది. పన్నెండో దెబ్బకి ఊరు ఊరంతా ఒక్క గొంతై పాడి, వెంటనే చప్పట్లతో హోరెత్తించింది. గోపురం మీది పావురాలన్నీ లేచిపోయాయి.

ఎడ్విజ్ సంచీ పట్టుకుని నిలబడే ఉంది. "గంట... మళ్ళీ ఎందుకు కొట్టింది?"

లియోనీ నుదుటి చెమట తుడుచుకుంటూ, "పొలంలో ఉన్నవాడు చెవి నిక్కించేసరికి మొదటిసారి సగం అయిపోతుందే! ఎన్ని కొట్టిందో వాడికెలా తెలుస్తుంది? అందుకని మా వైపు గడియారం ఏ గంటనైనా రెండు నిమిషాలాగి మళ్ళీ కొడుతుంది. నీకెవరూ చెప్పలేదూ?" అంది.

"లేదు!"

"అందులో చెప్పడానికేముంది, గంటన్నాక రెండుసార్లు కొట్టదూ? అది రెండుసార్లు కొడితే మేం ఒకసారి ఎలా వాయిస్తాం? గంట పూర్తి కాకుండా చప్పట్లు ఎవరు కొడతారు?"

ఎడ్విజ్ నవ్వబోయింది, ఏడుపొచ్చింది. రెండూ ఆపుకోలేదు.

ఫెర్నాన్ ఒక చేత్తో జున్నుముక్కల పళ్ళెం, ఇంకో చేత్తో వైను సీసా పట్టుకుని వచ్చాడు. "మేడమ్, ఊళ్ళోవాళ్ళు పోట్లాటకొస్తున్నారు. చివరి పేజీ రెండుసార్లు వినిపించి, మొదటి ఎనిమిది నిమిషాలూ ఒక్కసారే వినిపిస్తారా, ఇదేం అన్యాయం అంటున్నారు. వచ్చే ఆదివారం మొదట్నుంచీ వాయిస్తాం. మీరుంటారా?"

"ఉంటుంది," అంది లియోనీ, ఆమె చేతిలోని సంచీ లాక్కుంటూ.

ఎడ్విజ్ జున్నుముక్క నోట్లో పెట్టుకుని, స్వరాల పుస్తకం చివరి పేజీ తెరిచి, పెన్సిల్ అడిగింది. "మౌనం" అన్నచోట అడ్డంగా గీత కొట్టి కింద రాసింది: "రెండు నిమిషాలు ఆగాలి. తర్వాత, మళ్ళీ."