మతాబు వెలిగించిన చెయ్యి

గిటారు వాడు తీగ మీద వేలు పెట్టకముందే ఈ జనం ఆ వరసని గొంతుతో అందుకుంటారు. పాట మాటలు పాడేవాళ్ళు లోకమంతా ఉంటారు. వాయిద్యం పలికే ముక్కని కూడా “ఓ... ఓ... ఓ” అంటూ గొంతు చించుకుని పాడి, వాయించేవాడికి పనే లేకుండా చేసే పిచ్చి మాత్రం బ్యూనస్ ఎయిర్స్ దక్షిణపు పేటల్లోనే చూడాలి. వారమంతా కబేళాల్లో, టైర్ల కొట్లలో తిన్న తిట్లన్నీ అలా కక్కేస్తారు.

ఆ అరుపు వినపడితే నోయెమీ ఇంటి కిటికీలన్నీ మూసేస్తుంది. ఆమె కొడుకు నావెల్ ఆ అరుపులోనే పోయాడు.

రెండేళ్ళ కిందటి మాట. ‘బర్రేరా బాహా’ అని, రైలు గేటు పక్కన పుట్టి పెరిగిన నలుగురి బ్యాండు. వాళ్ళ ‘ఆగని రైలు’ పాట ఎత్తుకోగానే ఎవడో ఒకడు స్నేహితుడి భుజాలెక్కి ఎర్ర మతాబు వెలిగించాలి. అది రివాజు. పైన ఆకాశముందా, కప్పుందా అని చూసే తెలివి ఆ పూనకంలో ఎవడికుంటుంది? మతాబు వెలగని కచేరీ పెళ్ళికొడుకు లేని పెళ్ళి అనేవాడు పాటగాడు బెతో. ఆ రోజు హాలు కప్పుకి అతికించిన స్పాంజి, మతాబు రవ్వ తగిలి భగ్గుమంది. వెనక తలుపుకి తాళముంది. బయటపడలేక పోయినవాళ్ళందరూ పిల్లలే.

హాలు యజమాని జైలుకెళ్ళాడు. తల్లుల కడుపుమంట చల్లారలేదు. వాళ్ళకి కావలసింది మతాబు వెలిగించిన చెయ్యి. బతికి బయటపడ్డ కుర్రాళ్ళనడిగితే అందరిదీ ఒకటే పాట: “పొగ పిన్నీ, ఏం కనపళ్ళేదు.” పేటలో చాడీ చెప్పినవాడికి మంచినీళ్ళు కూడా పుట్టవు. అది తెలిసి కూడా అందరికంటే గట్టిగా పట్టుబట్టింది నోయెమీయే. వాడెవడో తేల్చి, మెడబట్టి తెచ్చి మీ ముందు పడేస్తానని తల్లులందరికీ మాటిచ్చింది.

ఈ ఆదివారం బ్యాండు మళ్ళీ పాడుతోంది. హాలు కాదు, ఫుట్‌బాల్ క్లబ్బు మైదానం. పగటి వెలుగు ఇంకా ఉంది. గేటు దగ్గర తల్లులు నిలబడ్డారు. కూతుర్ని పోగొట్టుకున్న సులేమా వాళ్ళకి పెద్ద దిక్కు.

“ఆ దార్దోగాణ్ణి అడుగు నోయెమీ,” అంది సులేమా. “ఏనుగంత ఒళ్ళు. నడివేసవిలో కూడా నిండు చేతుల చొక్కా వేసుకుని తిరుగుతాడట. ఏం దాస్తున్నాడో!”

“వాడు మావాడి ప్రాణ స్నేహితుడక్కా.”

“అయితే? నిప్పుకి స్నేహాలు తెలుసా?”

నోయెమీ లోపలికెళ్ళింది. దార్దో జనానికి దూరంగా, సాసేజీలు కాల్చే పొయ్యి వెనక గోడకి ఆనుకుని ఉన్నాడు. ఆమెని చూడగానే తల దించుకున్నాడు.

“నా కళ్ళలోకి చూసి చెప్పరా. ఎవడు వెలిగించాడు?”

“నేనే పిన్నీ.”

ఇంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు. ఎప్పట్నుంచో బట్టీ పట్టినట్టు చెప్పేశాడు. రెండేళ్ళు మోసిన బరువంతా ఒక్కసారి ఆమె చేతుల్లోకి వచ్చింది. చెంపలు వాయించింది. వాడు కదల్లేదు.

“మా ఇంట్లో తిన్నావు కదరా! మావాడి పక్కలో పడుకున్నావు కదరా! పద, ఆ తల్లులకి చెప్పుకో!”

కాలరు పట్టి లాగింది. గుండీలు తెగి, చొక్కా భుజాల మీదినించి జారిపోయింది.

వాడి చేతులు, వీపు కాలి ముడుచుకుపోయి ఉన్నాయి. కానీ మెడకి అటూ ఇటూ, అక్కణ్ణించి రొమ్ము మీదుగా కిందికి, రెండు పట్టీల మేర చర్మం పసిపిల్లవాడి ఒంటిలా నున్నగా ఉంది. భుజాలెక్కినవాడి కాళ్ళు వేలాడిన చోటది. ఆ కాళ్ళు అడ్డుపడబట్టి అంతమేర మిగిలింది. ఆ కాళ్ళెలా కాలిపోయాయో మార్చురీలో ఆమె తన కళ్ళతో చూసింది.

“నీ మీద ఎవడున్నాడ్రా?”

“ఎవరూ లేరు పిన్నీ.”

“నీ భుజాలు మావాడు తప్ప ఇంకెవడూ ఎక్కేవాడు కాదు కదరా...”

దార్దో గోడ పట్టుకుని కూలబడ్డాడు. “దింపుదామనుకున్నా. పాడుతున్నాడు పిన్నీ. వాడు అంత బాగా ఎప్పుడూ పాళ్ళేదు. ‘ఇంకొంచెం పైకెత్తరా పొట్టేలూ, బెతోకి కనపడాలి’ అన్నాడు. ఎత్తాను.”

నోయెమీ చెయ్యి కాలరు వదిలేసింది.

“నేనే అని చెప్పెయ్ పిన్నీ,” అన్నాడు వాడు ముక్కు తుడుచుకుంటూ. “నాకెవరున్నారు? జైలైతే జైలు. వాడి పేరు పాడు చెయ్యొద్దు.”

చెప్పేద్దామనే అనిపించింది ఆమెకి. దాచడమెందుకు, ఆ క్షణాన ఆ అబద్ధం ఆమెకి తేనెలా తోచింది. కొడుకు ఎప్పటిలా అన్యాయంగా పోయిన అమాయకుడిగానే ఉంటాడు. ఈ అనాథని నలుగురూ రాళ్ళేసి కొడతారు. అంతే కదా! కన్నపేగు ఎంత నీచానికైనా దిగుతుందని తెలిసి ఆమెకి తన మీదే అసహ్యమేసింది. వాడి చొక్కా పైకి లాగి, మిగిలిన ఒక్క గుండీ పెట్టింది.

“ఇంటికెళ్ళు. ఇంకెప్పుడూ ఆ మాటనకు,” అంది.

గేటు దగ్గర సులేమా ఎదురొచ్చింది. “దొరికాడా?”

“దొరికాడక్కా.”

“ఏడీ? ఎవడు?”

“మావాడే. మా నావెలే వెలిగించాడు.”

తల్లుల్లో ఎవరో “అయ్యో దేవుడా” అన్నారు. సులేమా ఒకడుగు వెనక్కి వేసింది.

“ఇంతకాలం నా భుజం మీద తలపెట్టుకుని ఏడ్చావు కదే,” అని అటు తిరిగిపోయింది.

లోపల పాట ఆగింది. బెతో మైకు ముందుకొచ్చి పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కో పేరుకీ మైదానమంతా, ఆ బిడ్డ అక్కడే నిలబడి ఉన్నట్టు, జవాబు చెబుతోంది. సులేమా కూతురి పేరు వచ్చినప్పుడు గేటు దగ్గర తల్లులు కూడా గొంతు కలిపి “ఉంది!” అని అరిచారు. తరవాతి పేర్లకీ అరిచారు.

“నావెల్!” అన్నాడు బెతో.

“ఉన్నాడు!” అని మైదానం దద్దరిల్లింది. తల్లులెవరూ నోరు తెరవలేదు. నోయెమీ అరవాలనుకుంది. తల్లుల వైపు చూసి, అరవకుండానే రోడ్డు మీదికి నడిచింది.