తొమ్మిదో బొమ్మ

ఎలుగుపిల్ల చెవులు ఈసారి కుదిరాయి, చెవులు కుదిరితే మొహం దానంతటదే వస్తుంది, పాతికేళ్లుగా పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తున్న ఆమె వేళ్లకే ఆ సంగతి తెలుసు, గోధుమరంగులో చిటికెడు నీలం కలిపితే బొచ్చు మెత్తగా కనిపిస్తుంది, అంతా బాగానే ఉంది గాని ఆ తొమ్మిదో బొమ్మ, పొద్దున సంపాదకురాలు ఫోన్ చేసి అన్నీ ముద్దొస్తున్నాయక్కా, తొమ్మిదోది మాత్రం మా పాప చూడనంటోంది, అరచెయ్యి అడ్డం పెట్టి పేజీ తిప్పేస్తోంది అంది, అందులో భయపడటానికి ఏముందని, కథలో ఉన్నది ఒక్క వాక్యమేగా, ఎలుగుపిల్ల మెట్ల కింద దాక్కుంది, మెట్లు వేసింది, మెట్ల కింద చిన్న గది వేసింది, దానికో తలుపు వేసింది, మరి దాక్కున్నది లోపలుంటే బయట గడియ ఎవరు పెట్టారక్కా అని సంపాదకురాలు నవ్వుతూనే అడిగింది, ఆమె కూడా నవ్వేసి, పొరపాటమ్మా, మార్చి పంపిస్తాను అంది.

మారితే కదా, రెండోసారి వేసినా గడియ వచ్చింది, మూడోసారి గడియ లేకుండా వేయాలని గట్టిగా అనుకుని మొదలుపెట్టి, టీ పెట్టుకుని వచ్చి చూస్తే గడియ ఉంది, తడి ఇంకా ఆరలేదు, ఇంట్లో తను తప్ప నరపురుగు లేదు, కుంచె తన చేతిలోనే ఉంది, అయినా అదేం గడియ, కొస వంకరపోయిన ఇనప గడియ, చుట్టూ పెచ్చులు లేచిన ఆకుపచ్చ రంగు, పెచ్చుల కింద ఇంకో పాత రంగు, ఇంత వివరం ఎవరడిగారు, సర్లే, తెలిసిన చోటేగా, ఏడేళ్లప్పుడు మెట్ల కింద గదిలో తనని పెట్టి ఎవరో గడియ వేశారు, ఈ ముక్క పెళ్లయిన కొత్తలో భర్తకు చెప్పింది, పత్రికలవాళ్లకు చెప్పింది, బడిపిల్లలకు చెప్పింది, చీకట్లో ఏడ్చిన పిల్లే మీకోసం బొమ్మలు వేస్తోందర్రా అని, పక్కన చెల్లెలుంటే తల ఊపుతూ వినేది, అయితే ఇక లోపల్నుంచే వేద్దాం, ఎలుగుపిల్ల కళ్లతో, అని కొత్త కాగితం బల్లకు అంటించింది, ఒకసారి చూసినదాన్ని నలభై ఏళ్లయినా వదలని చెయ్యి తనది, చూడనిది మాత్రం చచ్చినా రాదు, కళ్లు మూసుకుంది, లోపల గోడ ఎటు, నేల చల్లగా ఉండేదా, వాసన ఏమిటి, ఏమీ లేదు, ఒట్టి నలుపు, కుంచె కొసనుంచి చుక్క జారి పడింది, బయటివైపు మాత్రం మేకు మేకూ గుర్తుంది, గడియ సరిగ్గా ఏడేళ్ల పిల్ల కళ్లకు ఎదురుగా ఉంది, చూసే కన్ను ఎక్కడుందో ముందు తేల్చుకోండి అని కొత్తవాళ్లకు తను నేర్పే మొదటి పాఠమే అది.

ఫోన్ తీసింది, బాత్రూం తలుపు కూడా గడియ పెట్టుకోని చెల్లెలు, అది దాని బద్ధకమని ఇంటిల్లిపాదీ వేళాకోళం చేసే చెల్లెలు, ఏంటక్కా ఈ వేళప్పుడు అంది, మెట్ల కింద గదిలో ఏం వాసన వచ్చేదే అని ఆమె అడిగింది, చెల్లెలు తడుముకోలేదు, తడిసిన గోనెసంచులు, కిరసనాయిలు, ఎడమచేతి గోడకు చెమ్మ అంది, మర్చిపోయావనుకున్నానక్కా, నువ్వు చెప్పీ చెప్పీ అది నీదే అయిపోయింది, సరే నీదేలే అని ఊరుకున్నాను అంది, గొంతులో కోపమైనా లేదు, ఎంతసేపున్నావే అని ఆమె అడిగింది, అమ్మ బజారునుంచి వచ్చేదాకా అంది చెల్లెలు, గడియ పెట్టి మర్చిపోయి ఆటకి పోయుంటానే, నేనూ చిన్నదాన్నేగా అంది ఆమె, నువ్వెక్కడికీ పోలేదక్కా, తలుపు కింద సందులోంచి నీ కాళ్లు కనిపిస్తూనే ఉన్నాయి, నేను పిలిచినప్పుడల్లా ఇంకాస్త దగ్గరికొచ్చేవి.

కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ బల్ల మీద పడుతోంది, ఆమె కాగితమంతా నలుపు పరిచింది, అడుగున సన్నటి వెలుగు చార వదిలింది, ఆ చారలో రెండు చిన్న కాళ్లు వేసింది, చూడనిది వేయడం ఇదే మొదలు, అయినా చెయ్యి ఎక్కడా ఆగలేదు, వేళ్లు నేలను గట్టిగా పట్టుకున్నాయి, మడమలు మాత్రం ఎంత దిద్దినా నేలకు ఆనవు, ఎందుకు ఆనవో అప్పుడు తెలిసింది, తలుపుకి చెవి ఆనించి, లోపలి ఏడుపు ఇంకాస్త బాగా వినపడాలని మునివేళ్ల మీద లేచి నిలబడింది తను, అమ్మ వచ్చేదాకా అలాగే నిలబడింది, అది తనకి నచ్చింది.