వేటకెళ్ళినవాళ్ళను లెక్కపెట్టకూడదట

జనగణన డ్యూటీ మా పేటలోనే పడిందని మొదట సంబరపడ్డాను. కళింగపట్నం పక్కనే ఉన్న మత్స్యకారుల పేట మాది. నేను పుట్టిందీ, ఇప్పుడు టీచరుగా ఉన్నదీ ఇక్కడే. ఉన్నవి నాలుగు వీధులే కదా అనుకున్నాను. ఆఖరి రోజు వచ్చేసరికి నెత్తి బాదుకోవాలనిపించింది.

ఏ ఇంటికెళ్ళినా ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళే. వాకిట్లో దండెం మీద లుంగీలు ఆరుతుంటాయి, మగవాళ్ళేరీ అంటే ఎవరూ నోరు విప్పరు. వేటకెళ్ళినవాళ్ళను ఒడ్డు చేరేదాకా లెక్కపెట్టకూడదట. లెక్కపెడితే సముద్రం ఉంచేసుకుంటుందట. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. కానీ సర్కారు వాళ్ళు వచ్చి అడిగినా ఇదే పాట పాడతారని నాకు తట్టలేదు. తిరిగొచ్చినవాళ్ళను వచ్చినట్టే రాసుకున్నాను. ఇంకా మూడు వందల మంది మిగిలారు.

పదహారేళ్ళ కిందట కూడా ఇలాగే చేశారు. పదిహేడు వందల మంది ఉంటే పన్నెండు వందలే రాయించారు. ఆ అంకె చూసి నీళ్ళ ట్యాంకు కట్టారు. అది చాలక కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన పూట నా క్లాసులో ఆడపిల్లలుండరు, బిందెలు పట్టుకుని వరసలో ఉంటారు. ఏడో తరగతి ఉష ఈ ఏడు సగం రోజులు బడికే రాలేదు. కొత్త ట్యాంకు కావాలని వెళ్తే, రికార్డులో ఉన్న జనానికి మీ ట్యాంకే ఎక్కువన్నాడు ఇంజనీరు. కొత్త లెక్క వచ్చాక రమ్మన్నాడు. ఆ కొత్త లెక్క ఇదే. ఇదీ పోతే ఉష చెల్లెళ్ళు కూడా బిందెల దగ్గరే పెరుగుతారు.

ఈ పట్టింపుకి పెద్దదిక్కు కూర్మమ్మ. నాకు పెద్దమ్మ వరస. ఆవిడ చెబితే మిగతావాళ్ళు చెబుతారు. ఇసకలో ఎండుచేపలు తిరగేస్తోంది, చుట్టూ పదిమంది ఆడవాళ్ళు. ట్యాంకు సంగతి, ఇంజనీరు సంగతి, ఉష సంగతి అన్నీ చెప్పాను. గొంతు బొంగురుపోయింది గానీ ఆవిడ చెయ్యి ఆగలేదు.

"నీళ్ళు సాలకపోతే ఎలాగో బతుకుతాం తులసీ. ఆళ్ళు రాకపోతే ఏటి సేస్తాం?" అంది.

"నువ్వు సెప్పకపోతే ఆళ్ళు ఈ ఊర్లో లేనట్టే పెద్దమ్మా."

ఆవిడ అప్పుడు తలెత్తింది. "మీ తమ్ముడు బాబీ కూడా మావోళ్ళ బోటులోనే ఉన్నాడు. ఆడి పేరు రాసినావా?"

రాయలేదు. మా ఇల్లే కదా, ఆఖర్న రాసుకుందాంలే అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఎంత సిగ్గేసిందో చెప్పలేను. కోపం కూడా వచ్చింది, ఎక్కువ నా మీదే. ఫోనులో జనగణన యాప్ తెరిచి, అందరికీ వినపడేలా చదువుతూ తమ్ముడి పేరు, వయసు కొట్టాను.

కూర్మమ్మ చేతిలో చేప కింద పెట్టింది. "రాసుకో. పెద్దోడు లక్ష్ముడు, సిన్నోడు వినోద్," అంది. ఆ తర్వాత ఒక్కొక్కరే నోరు విప్పారు. సాయంత్రానికి మూడు వందలూ ఎక్కాయి. ఫోనులోంచే లెక్క పంపించేశాను.

ఆరింటికి రావలసిన బాబీ వాళ్ళ బోటు ఏడైనా రాలేదు.

నేనూ కూర్మమ్మా ఒడ్డున నిలబడ్డాం. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, అన్నా బాగుండేది. ఎమ్మెస్సీ చదివినదాన్ని, ఫోను తీసి ఆ ఒక్క పేరూ చెరపొచ్చేమోనని వెతికాను. కుదరలేదు.

ఏడున్నరకి బోటొచ్చింది. ఇంజను మొరాయించిందట, అంతే. బాబీ నీళ్ళలోంచి ఒడ్డెక్కకముందే నేను తిట్లు లంకించుకున్నాను. వాడు బిత్తరపోయి, "నానేటి సేసినానే?" అన్నాడు.

"తిట్టనీరా," అంది కూర్మమ్మ, కొడుకులిద్దరి చేతులూ పట్టుకుని. "ఇన్నాళ్ళూ మమ్మల్ని తిట్టింది. ఇయ్యాల దానికీ తెలిసొచ్చింది."

అయినా తిడుతూనే ఉన్నాను. ఆపితే ఏడుపొస్తుందని.