ఆకు కింది కాయ

ఆ ఉదయం ఆకాశం చినుకు రాల్చకుండా, ఎండనూ రానివ్వకుండా ముఖం ముడుచుకుని కూర్చుంది. కీరదోస తోట గట్టు మీద నిలబడ్డ ఆసామి ముఖమూ అలాగే ఉంది. ఏటా ఇరవైమంది ఆడవాళ్ళను వెంటేసుకుని కోతకు దిగే మేస్త్రమ్మ ఈసారి ఒక్కతే వచ్చింది. జబ్బు భయంతో ఊళ్ళు దారులు మూసుకున్నాయి. ఒకరోజు ముందు బయలుదేరింది కాబట్టి ఈమె దాటగలిగింది. వెనక వస్తున్న వాళ్ళను సగం దారిలోనే తిప్పి పంపేశారు.

వచ్చి మాత్రం ఏం లాభం? బయటి మనిషి పద్నాలుగు రోజులు ఎవరితోనూ కలవకూడదు. తోట నడుమ ఉన్న మోటారు గది ఆమెకిచ్చి, గడపకు పదడుగుల దూరంలో సున్నంతో గీత గీశారు.

మనుషులు ఆగినా కాయ ఆగదు. రోజు విడిచి రోజు కోయకపోతే తీగ వట్టిపోతుంది. ఆసామి ఇంటికి ఏడాది తిండి ఆ ఎకరమే.

"మనమిద్దరమే కోద్దాం," అన్నాడు ఆసామి. భార్య నవ్వు కనబడకుండా మాస్కు పైకి లాక్కుంది.

ఇరవై ఏళ్ళుగా గట్టు మీద నిలబడి "చేతులాడించండమ్మా, చేతులాడించండి" అని అరవడమే ఆయన ఎరిగిన కోత. వంగి నాలుగు కాయలు తెంపేసరికి ముంజేతులు మండిపోయాయి.

"చొక్కా చేతులు దించుకోండి ఆసామీ! ఆకు నూగు దురద," మోటారు గది గడపలోంచి కేక వినబడింది. "అలా లాగకండి! ఎడమచేత్తో తీగ పట్టి, కుడిచేత్తో కాయ మెలిపెట్టండి. అది దూడ తోక కాదండీ!"

పక్క సాలులో భార్య కిసుక్కుమంది.

మూడోరోజు ఆయన బుద్ధిగా సగం కాయలు వదిలేస్తూ పోయాడు.

"అవెందుకు వదిలారు?"

"ఇంకో రెండ్రోజులుంటే తూకం వస్తాయి మేస్త్రమ్మా."

"తూకమా! లోపల గింజ ముదిరిందంటే తన పని అయిపోయిందనుకుంటుంది తీగ. ఇక పూత పెట్టదు. మీ ఆశ దానికేం తెలుసు? వెనక్కెళ్ళి కోయండి. పోయేటప్పుడు ఒక పక్క, వచ్చేటప్పుడు రెండో పక్క చూడండి. కాయ ఆకు కిందే దాక్కుంటుంది."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఆకు ఎత్తాడు. కింద చల్లగా, పచ్చగా, కాస్త చీకటిగా ఉంది. చెయ్యంత కాయలు మూడు, గుట్టుగా. నాటిన చేత్తో ఒక్కసారైనా ఇక్కడ తడిమి చూడలేదు.

ఆ తర్వాత ఆమె కేకలతోనే తోటలో పొద్దెక్కేది. తొమ్మిదోరోజు పొద్దెక్కింది గానీ కేక రాలేదు. ఆయన ఒక కాయ తప్పుగా కోశాడు. కావాలనే తీగ ఒకటి గట్టిగా లాగి చూశాడు. గదిలోంచి ఉలుకూ పలుకూ లేదు.

గంప ఎక్కడ పడిందో తెలియదు. పరుగున పోయాడు.

"ఆగండి! గీత తొక్కారు!" చాప మీద లేచి కూర్చుంది మేస్త్రమ్మ, జుట్టంతా రేగిపోయి.

"జ్వరమా? దగ్గుందా?"

"ఏమీ లేదండీ." ఆమె తల దించుకుంది. "కునుకు పట్టింది. పట్టపగలు! బుద్ధెరిగాక ఇదే మొదలు. ఎవరితోనూ అనకండి."

ఆయన వెనక్కి జరిగి గీత అవతలే చతికిలబడ్డాడు.

"పడుకో. అరవడానికి నేను లేనూ?"

"మీ అరుపుకు ఈగ కూడా లేవదు," అని ఆమె మళ్ళీ వాలింది.

ఆ పూట మొగుడూ పెళ్ళాం సైగలతోనే కోశారు.

పదిహేనోరోజు మేస్త్రమ్మ గీత దాటి తోటలోకి దిగింది. సాలు వెంట పోయింది, తిరిగి వచ్చింది. తీగల కొసలనిండా పసుప్పచ్చ పూత. ఆమె మెచ్చుకోలేదు, వంక పెట్టలేదు. వంగి కోత మొదలుపెట్టింది. ఆయన ఒక సాలు ముగించేలోపు ఆమెవి మూడయ్యాయి.

ఎప్పుడూ కోత ఆడవాళ్ళు దూరపు గట్టు మీద డబ్బాలు విప్పుకునేవాళ్ళు, ఆసామి ఇంటికెళ్ళి తినేవాడు. ఆరోజు భార్య గిన్నెలు తోటకే తెచ్చింది. మోటారు గది నీడలో ముగ్గురూ బారెడేసి దూరాన కూర్చున్నారు. భార్య మేస్త్రమ్మకే ముందు వడ్డించింది.

వాచిన వేళ్ళతో ఆసామికి ముద్ద కలపడం రావడం లేదు. మేస్త్రమ్మ అది చూసి, వేళ్ళు తడుపుకొమ్మన్నట్టు మంచినీళ్ళ చెంబు ఆయన వైపు జరిపింది. ముగ్గురూ తిన్నారు.