రెండో తూటా

మిసిసిపీ నది ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో వెర్లీన్ టిబ్స్‌కు బట్టలుతికే దుకాణం ఉంది. నాణేలు వేస్తే తిరిగే యంత్రాలు పన్నెండు. వాటి మధ్య ఆమె ఒక్కతే. పక్కనున్న చేపల కొట్టులో దొంగలు పడ్డ వారం, తమ్ముడు లాంజో తనకో కొత్త పిస్తోలు కొనుక్కుని, తన చిన్న పాతది తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇదేమిట్రా, పిల్లలాడుకునే బొమ్మలా ఉంది?"

"బొమ్మ కాదక్కా. ఇదుంటే నీ జోలికి ఎవడూ రాడు."

"ఒకసారి పేల్చి చూడనా?"

"తూటాలు దండగ. నేను చూశాగా!"

తల్లి పోయినప్పుడు లాంజోకు ఏడేళ్ళు. అన్నం పెట్టి, బడికి పంపి, పెళ్ళి చేసింది వెర్లీనే. వాడు చూశానంటే ఇక ఆమె చూడాల్సిందేముంది? పిస్తోలును ఏప్రన్ జేబులో వేసుకుంది. ఒంటరిగా ఉన్నప్పుడు తలుపు గడియ పెట్టుకునే అలవాటు కూడా మానేసింది.

మంగళవారం మధ్యాహ్నం ఒకడు ఇనుప కమ్మీతో లోపలికొచ్చి, నేరుగా చిల్లర మార్చే యంత్రం దగ్గరికి నడిచాడు.

"పక్కకు జరుగు పెద్దమ్మా. నీతో నాకు పనిలేదు," అన్నాడు. ఆ గొంతులో కోపం కూడా లేదు.

జరిగితే సరిపోయేది. కానీ చెయ్యి జేబులోకి పోయింది. మొదటి గుండు పైకప్పులో దిగింది. వాడు హడలిపోయి, పారిపోవడానికి బదులు ఆమె మీదికే దూకాడు. ఆమె మళ్ళీ నొక్కింది. పేలలేదు. పేలిన తూటా ఖాళీ తొడుగు బయటపడక పిస్తోలు పైభాగంలో పంటికింద రాయిలా ఇరుక్కుపోయింది.

"నన్నే చంపుతావా!" అంటూ వాడు కమ్మీ ఎత్తాడు. ఆమె మణికట్టు ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. బయట ఎవరిదో కారు ఆగడంతో వాడు పరుగెత్తాడు.

ఆసుపత్రికి లాంజో రొప్పుతూ వచ్చాడు. కట్టు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఒక్కసారే పేలిందిరా," అంది వెర్లీన్. "తర్వాత కదల్లేదు."

"మళ్ళీ రెండోదానికే ఇరుక్కుందా?"

వెర్లీన్ దిండు మీంచి తలెత్తింది.

"మళ్ళీనా?" అంది ఆమె.

లాంజో తల దించుకున్నాడు. "ప్రతిసారీ కాదక్కా. అప్పుడప్పుడూ..."

"అందుకేనా నువ్వు కొత్తది కొనుక్కున్నావు?"

"పారెయ్యడం ఎందుకనీ... చూపిస్తేనే ఎవడైనా జడుసుకుంటాడనుకున్నాను. నీకు కాస్త ధైర్యంగా ఉంటుందని..."

"నాకు కాదు, నీకు. అక్కను చూసుకున్నానని చెప్పుకోడానికి." ఆమె గొంతు పెంచలేదు. "పనికిరానిదని చెప్పి ఇచ్చుంటే, నేను పక్కకు జరిగేదాన్ని కదరా."

వాడు నడుముకున్న తన పిస్తోలు తీసి మంచం మీద పెట్టబోయాడు. "ఇది మంచిదక్కా. ఇది ఉంచుకో."

"తీసెయ్. ఇంక నీ చేత్తో ఇచ్చిందేదీ నాకొద్దు."

నెల తర్వాత దుకాణం తెరిచింది. తలుపుకు మళ్ళీ గడియ పెట్టుకుని, తెలిసినవాళ్ళు తడితేనే తీస్తోంది. ఆదివారం చర్చిలో లాంజో ఎప్పటిలాగే తన పక్కన చోటుంచి వెనక్కి తిరిగి చూశాడు. వెర్లీన్ వెనక వరసలోనే, ఎవరో ముక్కూ ముఖం తెలియని ముసలావిడ పక్కన కూర్చుంది.