ఫోన్‌లో పట్టినంత మేర

ఆ ఊళ్ళో మానసిక వైద్యులు లేరు. డాక్టరమ్మ నెలకోసారి ఫోన్‌లోనే చూస్తుంది. ఆ రోజు వచ్చిందంటే అత్త కొడుక్కి గడ్డం గీసి, ఇస్త్రీ చొక్కా తొడిగి, మరకల్లేని గోడ ముందు కూర్చోబెడుతుంది. కోడలు ఫోన్ పట్టుకోవాలి, నోరు మెదపకూడదు.

“నిజం చెబితే వాణ్ణి పట్టుకుపోతారే. మళ్ళీ ఇంటికి రానిస్తారా?” అన్నది అత్త భయం.

పోయిన నెల అతను బాగున్నాడనుకుని డాక్టరమ్మ మందు తగ్గించింది. ఇవాళ పొద్దున, కుట్టుమిషన్ చప్పుడులో పెళ్ళాం తనను తిడుతోందని అతను మిషన్ ఎత్తి నేలకేసి కొట్టాడు. ఆమె జుట్టు పట్టి తలను గోడకు గుద్దాడు.

“నిద్ర ఎలా ఉందండీ?” ఫోన్‌లో అడిగింది డాక్టరమ్మ.

“బంగారంలా పడుకుంటున్నాడమ్మా,” అంది అత్త పక్కనుంచి.

“ఆయన్ని చెప్పనివ్వండి.”

“బాగుంది,” అన్నాడతను, పాఠం అప్పజెప్పినట్టు.

“అయితే ఇంకో మాత్ర తగ్గిద్దాం.”

కోడలు ఫోన్‌ను గదివైపు తిప్పింది. ముక్కలైన మిషన్, గోడమీద నెత్తురు, ఆపైన తన వాచిన కణత.

“ఇది ఇవాళ్టి సంగతి డాక్టర్.”

“నీకేమైనా పిచ్చా!” అత్త ఫోన్ కోసం చెయ్యి చాచింది.

“ఎవరికే చూపిస్తున్నావు? మీరంతా ఒకటే!” అతను మిషన్ కడ్డీ అందుకుని విసురుగా తిప్పాడు. మధ్యలోకి వచ్చిన తల్లి భుజం మీద పడింది. రెండో దెబ్బకు ఆమె పెదవి చిట్లింది.

“ఇద్దరూ బయటికి రండి! ఫోన్ కట్ చెయ్యకండి!” ఫోన్‌లోంచి అరిచింది డాక్టరమ్మ.

కోడలు అత్తను చంకల కింద పట్టి వాకిట్లోకి ఈడ్చి, తలుపు లాగి బయట గొళ్ళెం పెట్టింది.

“లోపల పదునైనవేమైనా ఉన్నాయా?”

“కత్తెరలు పొద్దునే పక్కింట్లో పెట్టేశాను.”

“ఆస్పత్రి వ్యానులో నర్సు, మనుషులు బయల్దేరుతున్నారు. వాళ్ళొచ్చేదాకా తలుపు తీయకండి.”

లోపల అద్దం పగిలింది. కాసేపటికి గొంతు మెత్తబడింది. “అమ్మా, తియ్యవే. నేనేం చెయ్యనుగా.”

అత్త చెయ్యి గొళ్ళెం మీదికి పోయింది.

“అత్తయ్యా, వద్దు.”

“నా కొడుకే వాడు.”

“నా మొగుడు కాదా?”

అత్త నోట్లో ఊరిన నెత్తురు ఉమ్మింది. ఫోన్ ఇమ్మని చెయ్యి చాచింది.

“డాక్టరమ్మా, వాడికి కంటిమీద కునుకు లేదు. రోజూ కొడుతున్నాడు. నేనే అబద్ధం చెప్పాను. ఆ వచ్చేవాళ్ళని వాణ్ణి కొట్టొద్దని చెప్పు తల్లీ.”

“కొట్టరమ్మా. ఆ మాట నేను చెబుతాను.”

లోపలినుంచి తలుపు మీద తన్ను పడింది. అత్త కిందికి జారి, తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. ఒక్కో తన్నుకీ ఆమె ఒళ్ళంతా ఎగిరిపడుతోంది. అయినా కదలలేదు.